అనుమానం గడిలో లేని పేరు

పోయినవేమిటో ముందు లెక్క చెబుతాను.

జాకెట్టు కొలతలు, రెండు వందల పద్నాలుగు మందివి. ఒక్కొక్కరికి పదకొండు: పొడవు, భుజం, ఛాతీ, నడుము, చంక చుట్టు, చేతి పొడవు, చేతి లూజు, ముందు మెడ, వెనక మెడ, మెడ వెడల్పు, టక్కు ఎత్తు. మొత్తం రెండు వేల మూడు వందల యాభై నాలుగు కొలతలు. పాలిటెక్నిక్ చదివే అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు, ముప్పై ఎనిమిది పేజీలు. ఆ అమ్మాయి మాట మీద కన్నతల్లికి ఉన్న నమ్మకం, పద్దెనిమిది రోజులు. పోకుండా మిగిలింది ఒక్కటే, పదకొండు వందల రూపాయలు. యాంటీవైరస్ కొనొద్దని చెప్పి ఆ ఇంటికి నేను మిగిల్చిపెట్టిన సొమ్ము అది.

ఇళ్ళలో కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఈ పని ఎక్కడా చదువుకోలేదు. పాశమైలారంలో ఒక మందుల ముడిసరుకు కంపెనీలో స్టోర్స్ గుమాస్తాగా పదకొండేళ్ళు చేశాను. కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు ఇచ్చింది తీసుకుని బయటికొచ్చి, బీరంగూడలో చిన్న దుకాణం పెట్టాను. ఈ ఏడే మూసేశాను. ఎన్ని మిషన్లు బాగుచేశానో నా నోటుబుక్కుల్లో ఉంది, దానితో మీకు పని లేదు. మీకు పనికొచ్చేది నేను తప్పు చెప్పిన ఒక్క జవాబు. ఏ ఇంటికి వెళ్ళినా మిమ్మల్ని అడిగే ప్రశ్నకు చెప్పిన జవాబు అది: "డబ్బులు పెట్టి యాంటీవైరస్ కొనాలా, వద్దా?"

చెప్పులకు కాపలా

ఎనభైల చివర్లో మా కంపెనీకి మొదటి కంప్యూటర్ వచ్చింది. దానికొక గది, గదికి ఏసీ, తలుపు పక్కన స్టూలు మీద వాచ్‌మన్. చెప్పులు బయట విడవాలి. ఎందుకని అడిగితే "వైరస్ వస్తది" అనేవాడు. ఆ గుమ్మం ముందు చెప్పుల వరస చూసి సరుకు దించడానికొచ్చిన లారీ డ్రైవరొకడు లోపల దేవుడున్నాడనుకుని దండం పెట్టుకున్నాడు. మేం నవ్వాం కానీ చెప్పులు మాత్రం విడిచే వెళ్ళేవాళ్ళం.

అదే గదిలోకి హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చే మనిషి చొక్కా జేబులో ఫ్లాపీలు పెట్టుకుని వచ్చేవాడు. వాటిని వాచ్‌మన్ ఎప్పుడూ ఆపలేదు. మట్టి కంటికి కనిపిస్తుంది కాబట్టి చెప్పులకు కాపలా పెట్టాం. ఫ్లాపీ శుభ్రంగా, తళతళలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరనుమానిస్తారు? మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో అక్కడి పుస్తకాలు తిరగేస్తూ నేను పని నేర్చుకున్నాను. వైరస్ వచ్చేది ఫ్లాపీలోంచేనని తెలిసిన రోజు నుంచి ఎవరి జేబు ఉబ్బుగా కనిపించినా అనుమానమే. నా జేబు సంగతి అప్పుడూ ఆలోచించలేదు.

అక్కడ నేర్చుకున్న రెండో పాఠం మా స్టోర్స్ ఆఫీసరు నాగభూషణం గారి దగ్గర. మనిషి మాట పెళుసు. స్టోర్సులో సరుకును ధరను బట్టి మూడు తరగతులు చేసి, ఖరీదైనవాటిని రోజూ, చౌకవాటిని మూడు నెలలకోసారి చూసుకునేవాళ్ళం. అది నేను తయారుచేసిన పట్టికే. ఒకసారి నాలుగు రూపాయల రబ్బరు రింగు నిండుకుంది. అది లేక ఒక రియాక్టరు ఒకటిన్నర రోజు ఆగింది.

ఆయన నన్ను పిలిచి ఆ పాత రింగు బల్ల మీద పడేశారు.

"దీని ఖరీదెంతయ్యా?"

"నాలుగు రూపాయలు సార్."

"మళ్ళీ చెప్పు."

"నాలుగే సార్. బిల్లుంది."

"బిల్లు నువ్వే ఉంచుకో. ఇది లేకపోతే ఎంతసేపు ఆగాలో అదీ దీని ఖరీదు. పట్టిక మార్చుకురా."

మార్చాను. ఆ పట్టిక ఆ కంపెనీలో చాలా కాలం నడిచిందని విన్నాను. నేను మాత్రం ఆ పాఠాన్ని కంపెనీ గేటు దగ్గరే వదిలేసి వచ్చాను.

ఏజెంటు సీడీ

దుకాణం పెట్టిన కొన్నేళ్ళకు పటాన్‌చెరు నుంచి రమేష్ అనే ఏజెంటు రావడం మొదలుపెట్టాడు. మెడలో టై, చేతిలో యాంటీవైరస్ డబ్బాలు. ఒక్కోటి పదకొండు వందలు, ఏడాదికి. ఏడాది తిరగగానే మళ్ళీ కట్టాలి.

"పది డబ్బాలు తీస్కోండ్రన్నా, పదకొండోది మీకే. ఒక్క ఇంట్ల పరీక్ష సీడీ పెట్టి సూపియ్యుండ్రి, ఆల్లే కొంటరు."

ఆ సీడీ ఏ మిషన్లో పెట్టినా తెర ఎర్రబడేది. ముప్పై వైరస్‌లు, నలభై వైరస్‌లు. చూసిన ఇల్లాలికి గుండె జారేది. నాకు అనుమానమొచ్చింది. ఒక రాత్రి కొత్త హార్డ్‌డిస్క్ తెచ్చి, అప్పటికప్పుడు విండోస్ ఎక్కించి, ఏ తీగా తగిలించకుండా ఆ సీడీ పెట్టాను. నాలుగు వైరస్‌లున్నాయంది. పుట్టి గంట కాని పిల్లకు నాలుగు రోగాలు.

మర్నాడు రమేష్‌ను కూర్చోబెట్టి అదే చూపించాను. వాడు సిగ్గుపడలేదు.

"గది జెర ఎక్కువనే సూపిస్తదన్నా. భయం లేకపోతె కొనరు గద."

ఆ రోజు నుంచి ఏ ఇంట్లోనూ యాంటీవైరస్ అమ్మలేదు. మందు అమ్మేవాడే రోగం చెబుతున్నాడని అందరికీ చెప్పాను. వాళ్ళకు నా మీద నమ్మకం పెరిగింది. నాకూ నా మీద పెరిగింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ పరీక్ష సీడీ మోసం, సరే. కానీ డబ్బాలో ఉన్న అసలు సరుకును నేనెప్పుడూ పరీక్షించలేదు. ఒక అబద్ధాన్ని పట్టుకున్నానన్న సంబరంలో దాని పక్కనున్నదాన్ని కూడా అదే సంచిలో వేసి మూతికట్టేశాను.

నా లెక్క ఇలా ఉండేది. వైరస్ పట్టి మిషన్ పాడైతే విండోస్ మళ్ళీ ఎక్కించడానికి నా కూలి రెండు వందల యాభై. నా నోటుబుక్కు ప్రకారం ఒక ఇంటికి ఆ అవసరం రెండేళ్ళకోసారి. అంటే ఏడాదికి నూట ఇరవై ఐదు. ఏడాదికి నూట ఇరవై ఐదు పోయేచోట పదకొండు వందలు కట్టడమేమిటి? ఈ లెక్క చెబితే మగవాళ్ళు తలూపేవారు. ఎవరూ తప్పు పట్టలేదు. లెక్కలో తప్పు లేదు కూడా. దానిలో వేయని ఒక అంకె ఉంది, అంతే.

నోటుబుక్కు సంగతి చెప్పాలి. వెళ్ళిన ప్రతి ఇంటికీ ఒక వరస. తేదీ, ఇల్లు, జబ్బు, చేసిన పని, తీసుకున్న డబ్బు. చివరిది అనుమానం గడి. వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందని నాకు తోస్తే ఆ పేరు అందులో రాసేవాణ్ణి. అల్లుడి సీడీ, నెట్ సెంటర్, పక్కింటి పిల్లలు, ఇలాగ. ఆ గడి ఎప్పుడూ ఖాళీగా ఉంచలేదు.

విజయ కొలతలు

విజయ మా వీధిలోనే ఉండేది. భర్త పెద్ద ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. బీరంగూడలో క్వార్టర్ల ఆడవాళ్ళు, భానూర్ దాకా ఊళ్ళవాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఒకసారి కొలత ఇస్తే చాలు, మళ్ళీ టేపు పట్టదని పేరు. గుడ్డ ఎవరిచేతైనా పంపిస్తే చాలు, కుట్టి పెట్టేది. ఆమె గిరాకీ అంతా ఆ ఒక్క సౌకర్యం మీదే నడిచేది.

కూతురు స్వప్న పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు పాత కంప్యూటర్ ఒకటి నేనే చూసి కొనిపెట్టాను. కొలతల పుస్తకాలు ఆరు ఉండేవి, నూనె మరకలతో, చిరిగిన అట్టలతో. అవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించమని సలహా ఇచ్చిందీ నేనే. తల్లి చదువుతుంటే కూతురు కొట్టింది. నెల పట్టింది. పని అయిపోయాక విజయ పుస్తకాలు చూపించి అడిగింది.

"ఇవేం జెయ్యాలన్నా?"

"ఇంకెందుకు చెల్లె? పాత పేపర్లోనికి ఏసెయ్."

వేసేసింది. కిలోకింతని తూచి ఇచ్చాడట.

జాగ్రత్త కోసం అదే ఫైలును డి డ్రైవులో కూడా పెట్టించాను. సి పాడైతే డి ఉంటుందని. ఆ రోజుల్లో మా పనివాళ్ళందరం ఇదే చెప్పేవాళ్ళం. విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు తుడిచేది సి ఒక్కటే కాబట్టి డి అంటే మాకు బ్యాంకు లాకరు. నిజానికి అవి ఒకే పెట్టెలో రెండు అరలు. పెట్టె పోతే రెండూ పోతాయి.

తర్వాత ఒకరోజు మౌస్ మార్చడానికి వెళ్తే ఆమె ఆ ప్రశ్న అడిగింది.

"అన్నా, ఎవరో పోరడు వచ్చి వైరస్ మందు కొనుమంటుండు. పదకొండు నూర్లంట. కొనాల్నా?"

"మీకు నెట్ ఉందా?"

"లేదు."

"మరెక్కడికెల్లొస్తది వైరస్? గా పదకొండు నూర్లతోని మిషిన్‌కు మోటరు పెట్టించుకో, కాళ్ళు నొయ్యవు."

నా లెక్క కాగితం మీద వేసి చూపించాను. నూట ఇరవై ఐదు ఎక్కడ, పదకొండు వందలెక్కడ! ఆమె నవ్వి, "మా అన్న లెక్కేస్తె తిరుగులేదు" అంది. కుట్టుమిషన్‌కు మోటరు పెట్టించుకుంది. ఆ రోజు నా పెన్‌డ్రైవ్ పెట్టి మౌస్ డ్రైవరు ఎక్కించి వచ్చాను. పెన్‌డ్రైవ్‌లు వచ్చిన కొత్త రోజులవి. నాది నల్ల తాడుకు కట్టి మెడలో వేసుకునేవాణ్ణి.

ఇరవై రెండు రోజుల ముందు

బతుకమ్మకు ఇరవై రెండు రోజులుందనగా పొద్దున్నే స్వప్న పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూశాను. ఫైలు పేరు ఉంది. తెరిస్తే లోపల ఒక్క వరస చెత్త అక్షరాలు, మిగతాదంతా ఖాళీ. డి లోనిదీ అంతే. ప్రాజెక్టు రిపోర్టూ అంతే. ఈ రకం వైరస్ నెలలో ఒక తేదీ దాకా చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఆ తేదీన మిషన్ వెలిగించగానే ఉన్న రాత ఫైళ్ళన్నిటి మీదా చెత్త రాసేస్తుంది. చెరిపేసినదాన్ని ఒక్కోసారి వెనక్కి తేవచ్చు. దాని మీద రాసేస్తే తేలేం.

విజయ మంచం మీద గుడ్డల కుప్ప పక్కన కూర్చుంది. పండుగ గుడ్డలు అప్పటికే తొంభై దాకా వచ్చి ఉన్నాయి. ఒక్కదానికీ కొలత లేదు.

"పుస్తకాలన్నా ఉంటె అయిపోవు గదన్నా" అంది మెల్లగా. "గవి ఇప్పటికి ఏ బజ్జీల బండి కాడ పొట్లాలైనయో."

నాకు అప్పటికప్పుడు ఒక ముద్దాయి కావలసి వచ్చాడు. స్వప్న చేతిలో ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంది. నెట్ సెంటర్‌కు వెళ్తుందని తెలుసు.

"ఇదెక్కడెక్కడ పెట్టినవ్ బిడ్డా?"

"కాలేజీల, నెట్ సెంటర్‌ల మామా. ప్రాజెక్టు కోసం."

"ఇగ సూడు చెల్లె. నెట్ సెంటర్‌ల లేని రోగం లేదు."

విజయ కూతురివైపు తిరిగింది. "నెట్ సెంటర్‌ల ఏం జూస్తున్నవే నువ్వు?"

"ఏం జూస్తనే? ప్రాజెక్టుకు కావల్సినయి ఎతుకనీకి పోయిన." ఆ పిల్ల నావైపు తిరిగింది. "మామా, మీ పెన్‌డ్రైవ్ కూడ పెట్టిన్రు గద మొన్న. అది జూసిన్రా?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు బాగా గుర్తుంది. "డాక్టర్‌కే జ్వరం పెడ్తున్నవా బిడ్డా?" అన్నాను. తల్లి ఆ ఎర్ర పెన్‌డ్రైవ్ గుంజుకుని బీరువాలో పెట్టింది. నెట్ సెంటర్ బంద్ అంది. సాయంత్రం నోటుబుక్కులో అనుమానం గడిలో రాసుకున్నాను: కూతురు.

ఎనిమిది వరసలు

ఆ నెలలో అదే జబ్బుతో ఇంకో ఏడు ఇళ్ళ నుంచి పిలుపొచ్చింది. ఎనిమిది వరసలు, ఎనిమిది వేర్వేరు అనుమానాలు. నెట్ లేని ఇళ్ళు మూడు. పెన్‌డ్రైవ్ లేని ఇల్లు ఒకటి. పిల్లలే లేని ఇల్లు ఒకటి. ఇన్ని చోట్లకు ఒకే వైరస్ ఎలా వచ్చింది? ఎవరో పుట్టిస్తున్నారనుకున్నాను. ఏజెంటు రమేష్ మీద అనుమానపడి, వాడు ఏ ఏ వీధుల్లో తిరిగాడో రెండు రోజులు ఆరా తీశాను. ఎనిమిదిలో రెండిళ్ళకే వెళ్ళాడు.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని, అంతకుముందు నెల పేజీలు తీసి ఆ ఎనిమిది ఇళ్ళనూ వెతికాను. ఎనిమిదీ ఉన్నాయి. మౌస్ ఒకచోట, ప్రింటర్ ఒకచోట, శబ్దం రాకపోవడం ఒకచోట. ఎనిమిదింటికీ నేను వెళ్ళాను. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఆ నెలలో వస్తానని చెప్పి తీరిక లేక వెళ్ళని ఇల్లు ఒకటుంది. ఫోన్ చేసి అడిగాను. అక్కడ ఫైళ్ళన్నీ బాగున్నాయి.

వరస ఎక్కడ మొదలైందా అని ఇంకా వెనక్కి వెళ్ళాను. ఆ ఎనిమిదికీ ముందు వెళ్ళింది పాశమైలారంలో ఒక కాంట్రాక్టరు ఆఫీసుకు. అక్కడ పెట్టిన మర్నాడు సంగారెడ్డిలో విశ్వనాథం సేటు ఇల్లు. ధాన్యం వ్యాపారం ఆయనది. ఆయన ఇల్లు నా ఎనిమిదిలో లేదు. పెన్‌డ్రైవ్ అక్కడా పెట్టాను, మరి ఆయనకేమీ కాలేదెందుకు? బస్సెక్కి వెళ్ళి అడిగాను.

సేటు గల్లాపెట్టె ముందు నుంచి లేవకుండానే చెప్పాడు. "నువ్వు నీ పుల్ల పెట్టంగనే గది కీమని అరిసింది గదనయ్యా. మా తమ్ముడు పైసలు పెట్టి ఏపిచ్చిండు గా వైరస్‌ది. నువ్వేమో 'ఊకెనే అరుస్తది సేటూ, బంద్ జేస్తున్న' అని బంద్ జేసినవ్."

"మరి?"

"నువ్వు పోంగనే మావోడు మల్ల చాలూ జేసిండు. అరిసేటి కుక్కను కట్టేసి పొమ్మంటె ఎట్లనయ్యా? దొంగ ఎవరో జూడాలె గద."

దుకాణానికొచ్చి నా మిషన్ తనిఖీ చేశాను. దానికి ఏ యాంటీవైరస్సూ లేదు. నేను జాగ్రత్తగా ఉంటాను కాబట్టి అవసరం లేదనుకున్నాను. లోపల అదే వైరస్ తేదీ కోసం కాచుకుని ఉంది. నేను రాత ఫైళ్ళేవీ అందులో పెట్టను, అంతా నోటుబుక్కులోనే, అందుకే నాకు తెలియలేదు. చెప్పులు బయట విడిచి, శుభ్రమైన మనిషినని అనుకుంటూ, మెడలో దాన్ని కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను.

ఎనిమిది అనుమానం గడుల్లోనూ రాసింది కొట్టేసి నా పేరు రాశాను.

ఆది జాకెట్లు

ఆ సాయంత్రమే విజయ ఇంటికి వెళ్ళి, స్వప్నను కూడా పిలిచి చెప్పాను. నోటుబుక్కు తెరిచి చూపించాను. తల్లి బీరువా తీసి ఎర్ర పెన్‌డ్రైవ్ కూతురి చేతిలో పెట్టింది.

"తప్పు నాది బిడ్డా" అన్నాను.

"పద్దెనిమిది దినాలు మామా." ఆ పిల్ల నావైపు చూడలేదు. "రిపోర్టు మల్ల గుర్తుజేస్కొని కొట్టిన. ఇంట్ల ఒక్కలు నాతోని మంచిగ మాట్లాడలె."

తనూ లెక్కపెట్టింది.

పోయిన కొలతలు తెచ్చి ఇస్తానని విజయకు మాటిచ్చాను. అప్పటికి ఆమె రాత్రింబవళ్ళు కబురు పంపించి వచ్చినవాళ్ళకు మళ్ళీ టేపు పెడుతోంది. రానివాళ్ళ దగ్గరికి ఎవరైనా వెళ్ళాలి. కొలతకు మనిషే రానక్కర్లేదు, సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఉంటే చాలు. దాన్ని ఆది జాకెట్టు అంటారు. అది తెచ్చి కొలుచుకుని తిరిగి ఇచ్చేయవచ్చు. పని సులువే అనిపించింది, మొదటి ఇంటి గడప దాకా.

"మొగోడొచ్చి జాకెట్ అడుగుడేందే?" అని లోపలి నుంచి ఒక ముసలామె కేక. పక్కింటి తలుపులు కూడా తెరుచుకున్నాయి. నేను కంప్యూటర్ అన్నాను, వైరస్ అన్నాను. చెప్పినకొద్దీ అనుమానం పెరిగింది. మర్నాటి నుంచి మా ఆవిడ అండాలును వెంట తీసుకెళ్ళాను. ఆమె ముందు, సంచితో నేను వెనక.

"ఏంలేదక్కా, మా ఆయన అతి తెలివికి విజయమ్మ లెక్కలన్నీ మాయమైనయ్. పండుగకు కుట్టాలె, ఒక్క పాత జాకెట్ ఇయ్యి, రేపు పొద్దుగాల తెచ్చిస్త" అనేది. ప్రతి ఇంట్లోనూ అదే మాట. తిరిగొచ్చేటప్పుడు "గంత గట్టిగ చెప్పాల్నా?" అని ఒకసారి అడిగాను.

"మెల్లగ చెప్తె జాకెట్ ఇస్తలేరు" అంది.

పండుగ లోపల స్వయంగా వచ్చి కొలతలిచ్చినవాళ్ళు తొంభై ఏడుగురు. మేం ఆది జాకెట్లు తెచ్చినవి ఎనభై మూడు. రాసింది రాసినట్టు ముందు పుస్తకంలో, తర్వాత కంప్యూటర్‌లో, అక్కడి నుంచి నెలకొక సీడీలో. ఆ సీడీలు స్వప్నే చేసేది. వాటిలో ఒకటి ఎప్పుడూ మా ఇంట్లో ఉండేది, అంటే అదే పెట్టెలో ఇంకో అరలో కాకుండా వేరే కప్పు కింద.

కొనాలా, వద్దా

ఇక జవాబు. మీరు నన్నూ నమ్మకండి, మీ కళ్ళతో చూసుకోండి.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు మిషన్ చూడకండి. ఇందులో ఉండి ఇంకెక్కడా లేనిదేమిటని అడగండి. పాటలు, ఆటలే ఉంటే యాంటీవైరస్ కొనమని చెప్పకండి. పాడైతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. నెట్ ఉన్న ఇంట్లో ఉచితంగా దొరికేవి పెట్టి, అవి తమను తాము కొత్తగా చేసుకుంటున్నాయో లేదో చూస్తే సాధారణంగా చాలు. నెట్ లేని ఇంట్లో ఉచితమైనది పెట్టి వదిలేస్తే మూడు నెలల్లో అది గుడ్డిదవుతుంది. ఆ ఇంట్లో బయటి పెన్‌డ్రైవ్‌లు తిరుగుతుంటే, మిషన్ మీద ఎవరి జీవనమైనా ఆధారపడి ఉంటే, కొనమనే చెప్పండి. కొత్త వైరస్‌ల జాబితా సీడీలో తెచ్చి నెలనెలా ఎక్కించే బాధ్యత మీరు తీసుకోండి. తీసుకోలేకపోతే కొనమనకండి, అది డబ్బు దండగ.

కొన్నా కొనకపోయినా ఇంకో కాపీ ఇంకో చోట ఉండాలి. ఇది చెప్పకుండా డబ్బా అమ్మేవాడు రమేష్ లాంటివాడు. ఇది చెప్పకుండా డబ్బా వద్దనేవాడు నాలాంటివాడు. పాత పుస్తకం పారేయమని ఎవరికీ ఎప్పుడూ చెప్పకండి.

విజయ ఆ పదకొండు వందలు పెట్టి కొని ఉంటే కొలతలు మిగిలేవా? చాలాసార్లు ఆలోచించాను. సేటు ఇంట్లోలాగే అది అరిచి ఉండేది. నేనే అక్కడ కూర్చుని ఉన్నాను కాబట్టి నేనే దాన్ని ఆపేసేవాణ్ణి. సేటు ఇంట్లో తమ్ముడు మళ్ళీ చాలూ చేశాడు. విజయ మాత్రం, మా అన్న చెప్పాడు కదా అని, ఆపినదాన్ని ఆపినట్టే ఉంచేది. అందుకే కొత్తగా వస్తున్నవాళ్ళకు ఇది చెబుతున్నాను. ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు చెప్పులకన్నా ముందు మీ మెడలో ఉన్నదాన్ని తీయండి. తనిఖీ చేసిందే లోపలికి తీసుకెళ్ళండి. అది అరిస్తే ఆ ఇంటివాళ్ళ ముందే ఎందుకు అరిచిందో కనుక్కోండి.

మిగిలినవి

పండుగ తర్వాత మరో ఇరవై ఐదుగురివి ఒక్కొక్కటిగా దొరికాయి. మొత్తం రెండు వందల ఐదు. మిగిలినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో ఐదుగురి కుటుంబాలు కాంట్రాక్టు అయిపోయి ఊరొదిలి వెళ్ళాయి, ఎక్కడికో తెలియదు. ముగ్గురు వేరే దర్జీని చూసుకున్నారు. అండాలు వెళ్తే, "మల్ల పోగొట్టనీకా?" అన్నారు.

తొమ్మిదో పేరు భానూర్ బుచ్చమ్మది. ఆ ఏడు ఆషాఢంలోనే పోయింది. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, పోయిన పెద్దలకు బట్టలు పెడతారు కదా, ఆమె కూతురు అనసూయ చీర, జాకెట్టు గుడ్డ పట్టుకుని విజయ దగ్గరికొచ్చింది. గుడ్డ ముక్క పెడితే చాలని అందరూ అన్నారట.

"ముక్క పెడితె మా అవ్వ ఎట్ల తొడుక్కుంటదక్కా? కుట్టే పెడ్త. కొలతలు నీ కాడ ఉన్నయి గద."

ఆది జాకెట్టు ఒక్కటీ లేదు. కర్మ అయిన మర్నాడే బట్టలన్నీ పంచేశారు. విజయ అంచనాతో కుట్టి ఇచ్చింది. అనసూయ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. "గిది మా అవ్వ లెక్క లేదక్కా" అని, మడత పెట్టి, సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను.

తొమ్మిదిమందికి పదకొండు చొప్పున తొంభై తొమ్మిది. బుచ్చమ్మ భుజం కొలత ఒకటి విజయకు గుర్తుంది. గడ్డిమోపులు మోసి మోసి ఎడమవైపు అరంగుళం జారుడు, అందుకని ఎప్పుడూ విడిగా కత్తిరించేదట. అది పుస్తకంలో రాసుకున్నాం. అది తీసేస్తే, నేను విజయకు ఈ రోజుకీ బాకీ ఉన్న కొలతలు తొంభై ఎనిమిది.